తాతగారి ఎయిర్ గన్‌తో వద్దు, కాగితం టార్గెట్‌తో మొదలుపెట్టండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఉండేది విజయవాడ పటమటలో ఫ్లాట్‌లో. అమ్మాయికి 14, బాబుకి 12. పారిస్ ఒలింపిక్స్‌లో పిస్టల్ షూటర్ మను భాకర్‌ను చూసినప్పటి నుంచి అమ్మాయి షూటింగ్ నేర్చుకుంటానని పట్టుబడుతోంది. తెనాలి దగ్గర ఊళ్లో మీ మామగారి అటక మీద పాత ఎయిర్ గన్ ఒకటుంది. సంక్రాంతి సెలవుల్లో పిల్లలిద్దరికీ తోటలో పిట్టల మీద నేర్పిస్తానని ఆయన ఉత్సాహపడుతున్నారు. మీ ఆవిడకి భయం. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత ఖర్చవుతుంది, చదువు ఏమవుతుంది, అసలు ఇది చట్టం ఒప్పుకునే పనేనా అని అడిగారు.

నాది గుంటూరు. ఎన్‌సీసీ పిల్లలతో చాలా ఏళ్లు ఫైరింగ్ చేయించాను. ఇప్పుడు షూటింగ్ రేంజిలో కొత్తగా చేరే పిల్లల్ని చూసుకుంటున్నాను. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు జవాబు: నేర్పించండి, ఇద్దరికీ. వయసు సరైనదే. కానీ ఆ పాత ఎయిర్ గన్‌తో వద్దు, పిట్టల మీద అసలే వద్దు. ప్రాణమున్న దేని మీదికీ గురి పెట్టం అనే మాట, పిల్లల చేతికి రైఫిల్ రాకముందే ఇంట్లో తేలిపోవాలి. తర్వాత చెబుదాంలే అనుకుంటే ఆలస్యమైపోతుంది. మొదటి పిట్ట పడగానే చుట్టూ ఉన్నవాళ్లు "శభాష్" అంటారు, ఆ శభాష్ రుచి పన్నెండేళ్ల వయసులో తగిలితే కాగితం మీద చుక్క చప్పగా అనిపిస్తుంది.

చట్టం సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే మన ఊళ్లలో చాలామందికి సగమే తెలుసు. గొట్టం లోపలి వెడల్పు 4.5 మిల్లీమీటర్లు, అంటే పాయింట్ 177 బోరు, 20 జౌల్‌ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. పెద్దవాళ్లు గుర్తింపు కార్డు చూపించి డీలర్ దగ్గర కొనుక్కోవచ్చు. ఈ సగం అందరికీ తెలుసు. లైసెన్సు లేదు కాబట్టి బొమ్మే కదా అనుకుంటారు. మిగతా సగం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉంది. ఆ చట్టం దృష్టిలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. గాయపరచడం, చంపబోవడం, గుడ్లు తీయడం, గూడు చెదరగొట్టడం కూడా వేటే. తోటలో చిలకైనా, చేలో కౌజు పిట్టైనా, మాగాణిలో కొంగైనా అంతే. "కాకిని కొడితే ఎవరడుగుతారు" అనే పాత ధీమా కూడా ఇప్పుడు చెల్లదు. పంటలకు పీడ అని కాకినీ ఎలుకనూ విడిగా పెట్టిన జాబితా ఒకటుండేది, 2022 సవరణతో దాన్ని తీసేశారు. పొలం మీది, తుపాకి మీది అయినా సరే, చట్టం ఇదే. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021లో ఇళ్లలో ఉన్న ఎయిర్ గన్లను జనం తమంతట తామే తెచ్చి అప్పగించే కార్యక్రమం పెట్టారు. వేట తరతరాల అలవాటుగా ఉన్న చోటే ఎయిర్ గన్ వల్ల పక్షులకు ఎంత నష్టమో గుర్తించి ఆ పని చేశారు.

అసలు తుపాకి, అంటే మందుగుండు వాడేది, సొంతంగా లైసెన్సు తీసుకోవాలంటే 21 ఏళ్లు నిండాలి. శిక్షణ కోసం, పెద్దల పర్యవేక్షణలో అయితే 12 నుంచే వీలుంది. మీకు ఇప్పట్లో దాని జోలికి వెళ్లే పని లేదు.

ఇక అటక మీది ఎయిర్ గన్. అది గొట్టాన్ని కిందికి వంచి పెల్లెట్ (చిన్న సీసపు గుండు) పెట్టే స్ప్రింగ్ రకం అయ్యుంటుంది. ఏళ్ల తరబడి నూనె చూడకపోతే గొట్టాన్ని పట్టి ఉంచే కొక్కెం అరిగిపోతుంది. పెల్లెట్ పెడుతుండగా గొట్టం చటుక్కున వెనక్కి లేస్తే వేళ్లు నలిగిపోతాయి. ట్రిగ్గర్ అరిగి ఉంటే కుదుపుకే పేలుతుంది. సైట్, అంటే గురి చూసే అమరిక, కూడా వంగి ఉంటుంది, గురి ఒకటి, తగిలేది ఇంకొకటి. ఇలాంటి దానితో నేర్చుకున్న పిల్లలు తుపాకిని నమ్మరు. తుపాకిని నమ్మని పిల్లలు ట్రిగ్గర్‌ని గుంజుతారు. ఆ గుంజుడు మాన్పించడానికి రేంజిలో మాకు నెలలు పడుతుంది.

మామగారితో మాత్రం జాగ్రత్తగా మాట్లాడండి. ఆయన కాలంలో పొలం కాపలాకి ఎయిర్ గన్ పట్టుకుని తిరగడం తప్పుగా ఎవరూ చూడలేదు. మనవల కోసం అటక మీంచి దాన్ని దించాలనుకోవడం ప్రేమే. "మావయ్యగారూ, ఇప్పుడు కేసులవుతున్నాయి" అని ఒక్క ముక్కతో అడ్డుకుంటే ఆయన మనసు కష్టపడుతుంది. ఆయనకు పిల్లలకు నేర్పే పని వేరేది అప్పజెప్పండి. అదేంటో కింద చెబుతాను, నిజానికి రేంజి కోచ్ నేర్పలేనివి ఆయన దగ్గర చాలా ఉన్నాయి.

రేంజిలో మొదటి రోజు ఎలా ఉంటుందో చెబుతాను, మీ ఆవిడ భయం సగం ఇక్కడే తీరుతుందని నా నమ్మకం. పది మీటర్ల హాలు. ఒక వైపు లేన్లు, ఎదురుగోడ దగ్గర టార్గెట్లు. మొదటి రోజు మీ అమ్మాయి ఒక్క పెల్లెట్ కూడా కాల్చకపోవచ్చు. ముందు నియమాలు: రైఫిల్ లోడ్ అయి ఉందనే ఎప్పుడూ అనుకోవాలి. గొట్టం ఎప్పుడూ టార్గెట్ల వైపే ఉండాలి. కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ బయటే ఉండాలి. "స్టాప్" అని వినపడగానే, గురి ఎంత బాగా కుదిరినా ఆపేయాలి. వాడని రైఫిల్ గొట్టంలోంచి రంగు తీగ ఒకటి కనిపిస్తూ ఉంటుంది, అది ఉంటే లోపల పెల్లెట్ లేదని దూరం నుంచే తెలుస్తుంది. ఎవరైనా టార్గెట్ల వైపు నడుస్తుంటే లైన్ మీద ఒక్కరు కూడా రైఫిల్ తాకకూడదు. ఇవన్నీ గోడ మీద రాసి ఉండే రేంజిలు చాలా ఉంటాయి. మీరు చూడాల్సింది వాటిని అమలు చేస్తున్నారా లేదా అన్నది. చేరే ముందు ఒక గంట వెనక బెంచీ మీద కూర్చుని చూడండి. ఎవరో పిల్లాడు లోడ్ చేసిన రైఫిల్‌తో పక్కకి తిరిగితే కోచ్ ఏం చేశాడు? నవ్వి ఊరుకుంటే ఆ రేంజి మీకు వద్దు. వెంటనే ఆపి, లైన్ మీంచి పంపేస్తే మీ పిల్లల్ని అక్కడ చేర్పించండి.

తర్వాత కన్ను. కుడిచేతి వాటం ఉన్నంత మాత్రాన కుడికన్నే బలమైనదని లేదు. రెండు చేతులు చాచి, అరచేతులు కలిపి మధ్యలో చిన్న సందు ఉంచి, ఆ సందులోంచి దూరంగా ఉన్న గడియారాన్ని రెండు కళ్లతో చూడమనండి. తర్వాత ఒక్కో కన్ను మూసి చూడాలి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం సందులోనే కనిపిస్తుందో అదే గురి కన్ను. ఇంట్లో ఇప్పుడే చేసి చూడొచ్చు. ఎడమకన్ను బలమైన పిల్లకు కుడిభుజం మీద రైఫిల్ పెట్టి, "గురి కుదరడం లేదేంటి" అని విసుక్కునే పెద్దల్ని చాలామందిని చూశాను. తప్పు పిల్లది కాదు. ఇంకో సంగతి: రెండో కన్నుని గట్టిగా మూసుకోనివ్వకండి. మొహం అంతా బిగుసుకుపోతుంది. ఆ కంటి ముందు ఒక తెల్ల కాగితం ముక్క అడ్డం పెడితే చాలు.

ఇక నిలబడటం. ఎయిర్ రైఫిల్ బరువు అయిదున్నర కిలోల వరకు ఉండొచ్చు. చేతి కండతో మోస్తే రెండో నిమిషానికి వణుకు వస్తుంది. ఎడమ మోచేతిని తుంటి ఎముక మీద ఆనించి, నడుము కొద్దిగా వెనక్కి వంచి, బరువంతా ఎముకల మీంచి కాళ్లలోకి దిగేలా నిలబడటం నేర్పిస్తారు. అలా నిలబడటానికే వారాలు పడుతుంది. కోచ్ రోజూ ఇదే చేయిస్తుంటే డబ్బులు దండగ అనుకోకండి.

పది మీటర్ల దూరంలో ఎయిర్ రైఫిల్ టార్గెట్ మధ్య చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. పెల్లెట్ వెడల్పు నాలుగున్నర. సరిగ్గా తగిలితే చుక్క పూర్తిగా మాయమై, దాని చోట గుండ్రటి రంధ్రం మిగులుతుంది. పోటీలో 75 నిమిషాల్లో 60 షాట్లు. ఒక్కో షాట్‌కి గరిష్ఠం 10.9 పాయింట్లు, అంటే మొత్తం 654. ఈ లెక్కలు వినగానే పిల్లలకు టెన్షన్ వస్తుంది. అందుకే మొదటి నెలల్లో స్కోరు రాయించకూడదు, గుంపు చూడాలి. అయిదు రంధ్రాలు ఒకే చోట పడ్డాయా? మధ్యలో పడకపోయినా ఫరవాలేదు, సైట్ తిప్పి మధ్యకి తేవచ్చు. అయిదూ అయిదు దిక్కులకు పోతే మాత్రం శరీరమో శ్వాసో ట్రిగ్గరో ఏదో ఒకటి కదులుతోంది.

అన్నిటికంటే కష్టమైన పాఠం ఒకటుంది. గురి పెట్టాక ఎనిమిది, పది సెకన్లలో షాట్ కుదరకపోతే రైఫిల్ దించేయాలి. ఊపిరి తీసుకుని మళ్లీ మొదటి నుంచి ఎత్తాలి. పిల్లలు దించరు. ఇంత కష్టపడి ఎత్తాను కదా, కాల్చేస్తాను అనుకుంటారు. ఆ మొండితనంతో కాల్చిన షాట్ నూటికి తొంభై పాళ్లు చెడిపోతుంది. మా దగ్గర ఒక అమ్మాయి మొదటిసారి తనంతట తాను రైఫిల్ దించి, స్టాండ్ మీద పెట్టి, అరచేతులు ప్యాంటుకు తుడుచుకుని, గోడ వైపు చూస్తూ రెండుసార్లు గట్టిగా ఊపిరి తీసుకుంది. పక్క లేన్‌లో పిల్లలు టకటకా కాల్చేస్తున్నా అటు చూడలేదు. ఆ రోజు ఆమె స్కోరు ఎంతో నాకు గుర్తులేదు గానీ, ఈ పిల్ల నేర్చుకుంటుందని అప్పుడే అనిపించింది. పిట్టల మీద నేర్పొద్దని నేను గట్టిగా చెప్పడానికి చట్టంతో పాటు ఇదీ కారణం. పిట్ట ఎగిరిపోతుందన్న తొందరలో వేలు బిగించడం అలవాటైతే, ఈ దించడం ఎప్పటికీ రాదు. పైగా ఎయిర్ గన్ దెబ్బకి కొంగ వెంటనే చావదు. ఒక రెక్క వేలాడేసుకుని వరి మడిలో ఈడ్చుకుంటూ పోతుంది. మీ బాబు అది చూడాల్సిన అవసరం లేదు.

రైఫిలా, పిస్టలా? మీ అమ్మాయి మను భాకర్‌ను చూసి మొదలుపెడుతోంది కాబట్టి పిస్టలే అడుగుతుంది. తప్పులేదు, ఖర్చు కూడా తక్కువ. రైఫిల్‌కి దళసరి గుడ్డతో కుట్టిన జాకెట్, ప్యాంటు, ప్రత్యేకమైన బూట్లు కావాలి, పిస్టల్‌కి అవేమీ అక్కర్లేదు. పిస్టల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం కూడా పెద్దది, పదకొండున్నర మిల్లీమీటర్లు. కానీ ఒక్క చేత్తో పట్టాలి, పిస్టల్ బరువు కిలోన్నర లోపు ఉంటుంది, రెండో చెయ్యి సాయం ఉండదు. 14 ఏళ్ల భుజానికి నెమ్మదిగా అలవాటు చేయాలి. ఇంట్లో అద్దం ముందు సగం నిండిన వాటర్ బాటిల్ చెయ్యి చాపి పట్టుకోవడం మంచి కసరత్తు, నొప్పి మొదలయ్యే ముందే ఆపాలి. షూటింగే అయితే, బాబు లాంటి పన్నెండేళ్ల వాళ్లకి నేను మొదట రైఫిల్‌నే, అదీ స్టాండ్ మీద ఆనించి ఇస్తాను. చేతులు వణికే బాధ లేకుండా సైట్, ట్రిగ్గర్ మాత్రమే నేర్చుకుంటారు.

కొనే తొందర పడకండి. ఇది పదేపదే చెబుతాను. పోటీలకు వాడే విదేశీ ఎయిర్ రైఫిల్ ధర లక్షల్లో ఉంటుంది. దానికి గాలి సిలిండర్, అది నింపే ఏర్పాటు, జాకెట్, పెల్లెట్లు అన్నీ అదనం. ఒలింపిక్ పతకం వచ్చిన ప్రతిసారీ రేంజిలకు పిల్లలు పోటెత్తుతారు, ఆరు నెలలకు సగం మంది మానేస్తారు. అది సహజమే, మానేసిన పిల్లని తిట్టాల్సిన పని లేదు, రైఫిల్ కొని ఉంటేనే తిట్టబుద్ధి అవుతుంది. మొదటి ఆరు నెలలు రేంజిలో ఉన్న వాటితోనే చేయించండి. తర్వాత కూడా దేశంలో కొత్తవాళ్ల కోసం మామూలు ఓపెన్ సైట్ రైఫిల్‌తో, పీప్ సైట్ (చిన్న రంధ్రంలోంచి గురి చూసే) రైఫిల్‌తో వేరే విభాగాలున్నాయి. నేరుగా ఒలింపిక్ రైఫిల్ కొనాల్సిన అవసరం లేదు. జిల్లా, రాష్ట్రం, జోన్, జాతీయం అనే మెట్లు ఎక్కే కొద్దీ ఏది కావాలో మీకే తెలుస్తుంది.

చదువు గురించి. విజయవాడలో ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ మొదలవుతుంది, పొద్దున్న ఆరింటికి స్టడీ అవర్, రాత్రి తొమ్మిదికి ఇంటికి. ఆ టైం టేబుల్ మధ్యలో షూటింగ్‌ని ఇరికిస్తే అదీ ఇంకో ట్యూషన్ అయిపోతుంది. వారానికి మూడు రోజులు, రోజుకి గంటన్నర చాలు. శ్వాస మీద, గురి మీద మనసు పెట్టడం చదువుకి మేలే చేస్తుంది. కానీ స్పోర్ట్స్ కోటా సీటు కోసమే చేర్పిస్తున్నామని పిల్ల ముందు ఒక్కసారి అన్నా, ప్రతి షాట్ వెనకా ఆ సీటే కనిపిస్తుంది తనకి. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 13 ఏళ్లకే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో జాతీయ ఛాంపియన్ అయింది, మన గుంటూరు కుర్రాడు నేలవల్లి ముఖేష్ 2024లో లిమాలో జరిగిన జూనియర్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో పతకాలు తెచ్చాడు. ఇవి గర్వంగా చెప్పుకోవాల్సినవే, అన్నం తినేటప్పుడు పోల్చి చెప్పాల్సినవి కావు. అమ్మాయికి ఒక కథ చెప్పాలనిపిస్తే మను భాకర్ టోక్యో కథ చెప్పండి. అక్కడ క్వాలిఫికేషన్ మధ్యలో పిస్టల్ మొరాయించింది, విలువైన నిమిషాలు పోయాయి, ఫైనల్ అందలేదు. మూడేళ్ల తర్వాత పారిస్‌లో రెండు కాంస్యాలు.

పిల్లల స్కూల్లో ఎన్‌సీసీ ఉంటే అది కూడా చూడండి. జూనియర్ విభాగంలో హైస్కూలు పిల్లల్ని తీసుకుంటారు. పాయింట్ టూ టూ రైఫిల్‌తో, పడుకుని కాల్చే పద్ధతి అక్కడ క్రమశిక్షణగా నేర్పుతారు, ఖర్చు దాదాపు ఉండదు. కాల్చే అవకాశం ఏడాదిలో కొద్దిసార్లే వస్తుంది, అదొక్కటే లోటు.

ఇప్పుడు మీరు అడగనిది ఒకటి చెబుతాను. మీరున్నది విజయవాడలో. ఈ ఊరికి దేశంలో పేరు తెచ్చిన గురి ఆట విలువిద్య. వెన్నం జ్యోతి సురేఖ మీ ఊరమ్మాయే. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్ (కప్పీలున్న విల్లు) విభాగంలో మూడు స్వర్ణాలు గెలిచింది. నాలుగైదేళ్ల వయసులోనే కృష్ణానది ఈదిన పిల్ల. పారిస్‌లో మిక్స్‌డ్ టీమ్‌లో అంకితా భకత్‌తో కలిసి నాలుగో స్థానం దాకా వెళ్లిన బొమ్మదేవర ధీరజ్ కూడా విజయవాడ కుర్రాడే. కాబట్టి మంచి కోచ్‌లు, మైదానాలు దగ్గర్లోనే దొరుకుతాయి. మీ బాబుకి నేనైతే రైఫిల్ కంటే ముందు విల్లు చూపిస్తాను. పన్నెండేళ్ల వాడికి గంటసేపు కదలకుండా నిలబడటం శిక్షలా ఉంటుంది. విలువిద్యలో అయితే లాగాలి, వదలాలి, నడిచి వెళ్లి బాణాలు ఏరుకుని రావాలి. ఒళ్లు అలుస్తుంది, ఎండా గాలీ తగులుతాయి. వెదురు విల్లుతో ఆడే ఇండియన్ రౌండ్ అనే విభాగం కూడా ఉంది కాబట్టి మొదట్లోనే ఖరీదైన విల్లు కొననక్కర్లేదు. ఎండాకాలం మాత్రం పొద్దున్నే ముగించేయాలి. రోహిణి కార్తెలో విజయవాడ మైదానంలో తొమ్మిది తర్వాత పిల్లల్ని నిలబెట్టే కోచ్ ఎంత గొప్పవాడైనా నేను ఒప్పుకోను.

సంక్రాంతి సెలవులకు, మామగారికి వద్దాం. పొలానికి పిల్లల్ని తీసుకెళ్లే పని పూర్తిగా ఆయనకే వదిలేయండి. జనవరిలో డెల్టాలో వరి కోతలై, ఆ మాగాణుల్లోనే మినుము, పెసర పచ్చగా లేచి ఉంటాయి. గట్టు మీద జారకుండా నడవడం, ఏ పక్క నుంచి ఎంత నెమ్మదిగా వెళితే కొంగలు లేవవో కనిపెట్టడం, బురదలో అడుగుల్ని బట్టి రాత్రి నక్క వచ్చిందా కుక్క వచ్చిందా చెప్పడం, తేగలు ఎక్కడ తవ్వాలో, కాల్చేటప్పుడు ఎప్పుడు తిప్పాలో తెలియడం, కాలవలో గాలం వేసి బెండు మునిగేదాకా నోరు మూసుకుని కూర్చోవడం, ఇవన్నీ ఆయనకి కొట్టిన పిండి. గాలం దగ్గర అరగంట కదలకుండా కూర్చున్న బాబు రేంజిలోనూ కూర్చోగలడు. ఆయనకి గురి నేర్పాలనే కోరిక ఉంటే వడిసెల తిప్పడం నేర్పమనండి. మంచె ఎక్కి చేల మీంచి పిట్టల్ని తోలేవాళ్లు దాంతోనే తోలేవారు, తోలడానికే గానీ కొట్టడానికి కాదు. ఉండేలు కూడా ఫరవాలేదు, ఖాళీ డబ్బాల మీద, వెనక మట్టిగోడ ఉన్నచోట, కళ్లకి అద్దాలు పెట్టుకుని. రాతిగోడ, ఇనప రేకు వెనక ఉంటే రాయి తిరిగొచ్చి మొహానికి తగులుతుంది.

పాత ఎయిర్ గన్ సంగతి, ఆయన జ్ఞాపకంగా దాచుకుంటానంటే గొట్టంలో పెల్లెట్ లేదని చూసి, తాళం ఉన్న బీరువాలో పెట్టించండి. పెల్లెట్లు వేరేచోట. పెల్లెట్లు సీసంతో చేస్తారు. పిల్లలు జేబుల్లో వేసుకోవడం, నోట్లో పెట్టుకోవడం చేస్తారు. రేంజిలోనూ కాల్చడం అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా టిఫిన్ బాక్స్ తెరవనివ్వకండి.

పల్లెటూరిలో అసలు ప్రమాదాలు రెండే, నీళ్లు, పాములు. కృష్ణలో ఇసుక తవ్విన గుంతలు పైకి కనపడవు. మోకాలి లోతులో నడుస్తున్న పిల్లాడు ఒక్క అడుగులో మునిగిపోతాడు. ఈత రాని పిల్లల్ని కాలవలోకి, నదిలోకి దింపనే దింపొద్దు. విజయవాడలో ఈతకొలనులున్నాయి, షూటింగ్ కంటే ముందు ఇద్దరికీ ఈత నేర్పించండి. గట్ల మీద నాగుపాము, కట్లపాము, రక్తపింజర ఉంటాయి. బూట్లు వేసుకోవాలి, చీకటి పడితే టార్చి ఉండాలి, గడ్డివాములో చెయ్యి పెట్టకూడదు. కరిస్తే కట్టు బిగించడం, గాటు పెట్టడం, మంత్రం వేయించడం వద్దు. కాలు కదపనివ్వకుండా నేరుగా విషానికి విరుగుడు ఉండే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. ఏ ఆసుపత్రో, బండి ఎవరిదో ఊరికి వెళ్లిన రోజే మాట్లాడి పెట్టుకోండి.

ఊరికి వెళ్లే దారిలో ఒక పూట ఉప్పలపాడులో ఆగండి. పెదకాకాని మండలం, గుంటూరు నుంచి పది కిలోమీటర్ల లోపే. ఊరి చెరువులో తుమ్మచెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఉంటాయి. చలికాలంలో వలస పక్షులు కూడా చేరతాయి. గూడబాతు రెక్కలు చాపితే రెండు మీటర్లు దాటుతుంది. అది చెట్టు మీద దిగేటప్పుడు కాళ్లు ముందుకు చాపి, రెక్కలతో గాలిని ఆపుకుంటూ, ఒక్క కొమ్మని ఎంచుకుని దాని మీదే వాలుతుంది. పిల్లల్ని ఒక్క పక్షిని ఎంచుకుని పది నిమిషాలు దాన్నే చూడమనండి, ఫోన్ మీ జేబులో పెట్టుకుని. ఊరివాళ్లు ఆ పక్షుల్ని సొంత మనుషుల్లా చూసుకుంటారు, పిల్లలు వాళ్లతో మాట్లాడితే ఇంకా మంచిది. ఇంకో వారం ఇబ్రహీంపట్నం పక్కన మూలపాడు సీతాకోక చిలుకల పార్కు, అక్కడి అడవి దారి. వానలు పడ్డాక బావుంటుంది. కొండపల్లి అడవిలోకి లోపలికి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి అడిగి, వాళ్ల మనిషితోనే వెళ్లండి.

ఎయిర్ రైఫిల్ కోసం దాచిన డబ్బులోంచి ఒక మంచి బైనాక్యులర్ కొనండి, ఎనిమిది రెట్లు, 42 మిల్లీమీటర్లది. అంతకంటే ఎక్కువ రెట్లున్నవి పిల్లల చేతుల్లో వణుకుతాయి. ఇద్దరికీ కలిపి ఒక్కటే చాలు, వంతులేసుకుని చూస్తారు. చేరబోయే రేంజి పేరు, కోచ్ చెప్పిన ఫీజు వివరాలు ఇక్కడే రాయండి, ఏం అడగాలో చెబుతాను. అమ్మాయి గురి కన్ను ఏదో కూడా చూసి రాయండి, రైఫిలైనా పిస్టలైనా ఏ చేతికివ్వాలో దాన్ని బట్టే తేలుతుంది.